తోట రైలుకు చెద పడితే: సైనిక్‌పురిలో ఒక కేస్ స్టడీ

సికింద్రాబాద్ సైనిక్‌పురిలో ఒక పాత ఇంటి పెరట్లో చుట్టూ తిరిగి వచ్చే మోడల్ రైలు లైన్ ఉంది. పొడవు సుమారు 40 మీటర్లు. ఇంటాయన రైల్వేలో పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్‌గా (పీడబ్ల్యూఐ, అంటే పట్టాల బాగోగులు చూసే ఉద్యోగం) చేసి రిటైరయ్యారు. పట్టాలు, ఇంజన్లు ఎల్‌జీబీవి. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న కొడుకు వచ్చినప్పుడల్లా కొన్ని కొన్ని తెచ్చినవి. నా అసలు పని ఆర్కిటెక్చరల్ మోడల్స్, అంటే బిల్డర్లకు అపార్ట్‌మెంట్ల నమూనాలు చేసివ్వడం. ఈ లైన్ మీదున్న స్టేషన్ బిల్డింగ్ ఒక పక్కకి ఒరిగింది, బాగుచేయాలని నన్ను పిలిచారు. వెళ్లి చూస్తే స్టేషన్ చిన్న సమస్య. సగం లైన్ కింద ప్లైవుడ్ లేదు. ప్లైవుడ్ ఆకారంలో గట్టిపడిన ఎర్రమట్టి ఉంది. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలిపోయింది.

ఈ సరదా గురించి తెలియనివారికి రెండు ముక్కలు. జర్మనీలోని లేమన్ కంపెనీ 1968లో ఎల్‌జీబీ పేరుతో పెద్ద సైజు మోడల్ రైళ్లు తెచ్చింది. వానకి, ఎండకి తట్టుకునేలా చేసినవి కాబట్టి బయట తోటలో కూడా వేసుకోవచ్చు. పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు, స్కేలు 22.5కి ఒకటి, అంటే అసలు రైలులో 22.5వ వంతు. ఆ రెండింటినీ గుణిస్తే 1012.5 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే దాదాపు మీటర్ గేజ్. సార్‌కి ఈ రైళ్లంటే అంత ప్రేమ ఎందుకో అక్కడే తెలుస్తుంది. ఆయన సర్వీసు మొదలైంది మన్మాడ్ వైపు వెళ్లే మీటర్ గేజ్ లైన్ మీద. 1992లో ప్రాజెక్ట్ యూనిగేజ్ మొదలయ్యాక ఆ లైన్లు ఒక్కొక్కటే బ్రాడ్ గేజ్ అయిపోయాయి. పెరట్లో మాత్రం మీటర్ గేజే ఉండాలని ఆయన పట్టుదల.

పాత కట్టుబడి

సరుగుడు గుంజలు భూమిలో పాతారు. వాటి మీద ప్యాకింగ్ పెట్టెల చెక్క పట్టీలు, ఆ పైన 12 ఎంఎం ప్లైవుడ్, దాని మీద పట్టాలు. చుట్టూ మొక్కలకి డ్రిప్ పైపు, తేమ ఆరకుండా మొదళ్లలో కొబ్బరి పీచు, ఎండుటాకులు. మొక్కలకి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. చెదకి కూడా లేదు. నాతో వచ్చిన మేస్త్రీ మహబూబ్‌నగర్ వైపు మనిషి. గుంజల్ని ఒకసారి చూసి, "కట్టెను మన్నుల పెడితే చెదకు ఇస్తరేసినట్టే గద సార్" అన్నాడు. రిపోర్టు రాయమంటే నేనూ అదే మాట రాసేవాణ్ణి, కాకపోతే రెండు పేజీలు పట్టేది.

మామూలుగా ఇక్కడ జరిగేది ఏంటంటే, పాడైన చెక్క తీసేస్తారు, మందు కొడతారు, కొత్త చెక్క వేస్తారు. రెండు మూడు వర్షాకాలాలు గడిచాక మళ్లీ మొదటికి వస్తుంది. అందుకని ఏదీ పీకక ముందు లైన్ మొత్తాన్ని గ్రాఫ్ పేపర్ మీద గీశాను. స్క్రూడ్రైవర్ పిడితో అడుగు అడుగుకీ తట్టుకుంటూ వెళ్లి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా ఎర్ర గీత పెట్టాను. మట్టి పూత కనిపించిన చోట ఎర్ర చుక్క. డ్రిప్ బొట్లు పడే చోట్లు నీలం. ఎండ ఎక్కువ తగిలే భాగం పసుపు.

ఆ కాగితమే ఈ కేసులో అసలు ఆధారం. ఎర్ర గీతలు దాదాపు అన్నీ నీలం చుక్కల పక్కనే వచ్చాయి. బోరు గది దగ్గర సిమెంటు గచ్చు మీదున్న నాలుగైదు మీటర్ల ముక్కలో కూడా అదే దుకాణంలో అదే రోజు కొన్న ప్లైవుడ్ ఉంది. కానీ అది చెక్కుచెదరలేదు. అక్కడ మట్టి తగలదు, డ్రిప్ లేదు, మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది. చెదపురుగు ఒళ్లు మెత్తన, తోలు పలచన. పొడి గాలి తగిలితే ఎండి చస్తుంది. అందుకే నేల నుంచి తిండి దాకా మట్టితో గొట్టం కట్టుకుని, ఆ తేమలోనే తిరుగుతుంది. ప్లైవుడ్ రకం మంచిదా చెడ్డదా అని సార్ చాలా మథనపడ్డారు. ఈ తోటలో ఏ ప్లైవుడ్ వేసినా ఫలితం ఇంచుమించు ఇదే అయ్యేది.

నేల కింద

ఎర్ర గీతలు బాగా చిక్కబడిన మూల ఒకటుంది, మల్లెపొద వెనక. అక్కడ పారతో తీస్తే ఎప్పుడో కొట్టేసిన మామిడిచెట్టు మొద్దు బయటపడింది. దాని పక్కన డ్రిప్ పైపు జాయింట్ కారుతోంది. మొద్దు చుట్టూ మట్టిలో స్పాంజిలా బొరియలున్న బూడిదరంగు ముద్దలు దొరికాయి. అవి చెద పెంచుకునే బూజు తోటలు. మన దక్కన్ నేలల్లో ఎక్కువగా ఉండే ఓడొంటోటెర్మిస్ రకం చెద కలపని తిని, ఆ మలం మీద ఒక శిలీంధ్రాన్ని పెంచి, దాన్ని మళ్లీ తింటుంది. వానలు పడ్డాక పుట్టల మీద పుట్టగొడుగులు లేస్తాయి కదా, వాటిలో చాలా మటుకు ఈ తోటల నుంచి వచ్చేవే.

రెండేళ్లుగా మొదటి వానలకి వరండా లైటు చుట్టూ ఉసిళ్లు విపరీతంగా వస్తున్నాయని మేడమ్ చెప్పారు. ఉసిళ్లు లేచాయంటే దగ్గర్లో ఎక్కడో పెద్దదైన, ఏళ్లుగా పెరిగిన పుట్ట ఉందని అర్థం. ఈ సంగతి ఆవిడకి తెలుసు. రైలు లైన్‌కి దానికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదంతే.

మొద్దు పూర్తిగా తవ్వించి తీసేశాం. వేళ్లు దొరికినంతవరకు లాగేశాం. రాణి కోసం ఇంకా లోతుకి తవ్వుదామని తోటమాలి ఉత్సాహపడ్డాడు. వద్దన్నాను. రాణి గది ఎంత లోతులో, ఎటువైపు ఉందో పైనుంచి చెప్పలేం. తోట సగం తవ్వేసినా దొరుకుతుందన్న నమ్మకం లేదు. డ్రిప్ జాయింట్ మార్పించాం. గుంజలన్నీ పీకించాం, భూమిలో విరిగిపోయిన మొనలతో సహా. ఈ చివరి పనికే అందరూ విసుక్కుంటారు. కానీ భూమిలో మిగిలిన ప్రతి సరుగుడు ముక్కా చెదని అక్కడే నిలబెట్టే తిండి.

మందు గురించి

అంతకుముందే సార్ ఒక పెస్ట్ కంట్రోల్ వాళ్లతో మాట్లాడి ఉన్నారు. తోట మొత్తం తడిపేస్తామన్నారట. వాళ్లు చెప్పిన మందు ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం, లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. ఇళ్లకి చెద మందు కొట్టడంలో ఇది మామూలు మోతాదే. పనిచేసే తీరు కూడా తెలివైనది. దాని వాసన చెదకి తెలియదు. అందులోంచే నడిచి, పుట్టలోకి వెళ్లి, ఒకదాన్నొకటి నాకుతూ, నోటితో తిండి పంచుకుంటూ మిగతావాటికీ అంటిస్తుంది. ఇంటి పునాది చుట్టూ ఇది కొట్టించుకోవడంలో నాకు అభ్యంతరం లేదు.

కానీ ఇది తోట. ఇమిడాక్లోప్రిడ్‌ని మొక్క వేరు పీల్చుకుంటుంది, ఆకుకీ పువ్వుకీ ఎక్కుతుంది. తేనెటీగలకి అది విషం. లైన్ పక్కనే కరివేపాకు, మునగ, మల్లె, తులసి ఉన్నాయి. ఆ కరివేపాకు రోజూ ఆ ఇంటి పోపులోకి వెళ్తుంది. రైలు కోసం పోపులో మందు పడటం ఏ లెక్కనా సరికాదు. అందుకని లైసెన్సున్న వాళ్లతో ఇంటి గోడల చుట్టూ మాత్రం పద్ధతి ప్రకారం చేయించాం. గచ్చు, గోడ కలిసే చోట అడుగుకొక కన్నం చొప్పున వేసి మందు పోసి మూసేశారు. రైలు లైన్ ఉన్న మట్టిలో ఒక్క చుక్క కూడా పోయలేదు.

కిరోసిన్, వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయమనే సలహాలు కూడా వచ్చాయి, ముఖ్యంగా చుట్టాల నుంచి. వాటితో మట్టి పాడవుతుంది, మొక్క చస్తుంది, చెద పక్కకి జరిగి మళ్లీ వస్తుంది.

మందు లేదంటే ఏ సామాను వాడితే చెద పట్టదు అని ఆలోచన అటు వెళ్తుంది. నేను ప్రశ్నని కొంచెం మార్చాను. చెద రాకుండా ఆపడం ఈ తోటలో ఎవరి తరమూ కాదు. వస్తే వెంటనే మన కంటికి కనపడేలా లైన్ కట్టగలమా? డిజైన్ మొత్తం ఈ ఒక్క ప్రశ్నకి జవాబుగా వచ్చింది.

సార్‌కి ఇది చెప్పగానే ఎక్కింది. రైల్వేలో కీమన్ అని ఉంటాడు. రోజూ తన బీటులో లైన్ మీద నడిచి, పట్టాల్ని పట్టి ఉంచే ‘కీ’లలో వదులైనవి బిగించి, తేడా కనిపిస్తే చెప్పడం అతని పని. లైన్ చెడిపోకుండా ఉండదు, చెడిపోతున్నప్పుడే చూడాలి అన్న లెక్క మీదే ఆ ఉద్యోగం ఉంది. "అయితే కీమన్‌కి కనపడేట్టు కట్టు బాబూ" అన్నారాయన.

కొత్త దారి

మొదట అనుకున్నది ఏకంగా కాంక్రీటు పట్టీ పోసేయడం. చాలా దేశాల్లో తోట రైళ్లవాళ్లు అలా చేస్తారు. నాకు రెండు ఇబ్బందులు కనిపించాయి. నేల మీద పోసిన కాంక్రీటుకి ఎక్కడో పగులు వస్తుంది, చెద అందులోంచి పైకి వస్తుంది, పక్కన మొక్కలుంటే ఆ గొట్టం ఎవరికీ కనపడదు. రెండోది సార్ చెప్పింది. కాంక్రీటు పోస్తే లైన్ ఇంక స్లూ చేయలేం, అంటే పక్కకి జరిపి సర్దలేం. పీడబ్ల్యూఐకి లైన్ సర్దే అవకాశం తీసేస్తే రిటైర్మెంట్‌లో ఆయనకి పనేముంటుంది?

చివరికి పిల్లర్లు, తాండూరు బండ. 75 ఎంఎం పీవీసీ పైపు ముక్కల్ని నిలువుగా పెట్టి లోపల కాంక్రీటు పోశాం. గట్టిపడ్డాక భూమి పైనున్న భాగంలో పైపు కోసి తీసేశాం, నున్నటి బూడిదరంగు సిమెంటు కనిపించేలా. భూమిలో అడుగు లోతు, పైన కనీసం 15 సెంటీమీటర్లు. రెండు అడుగులకొక పిల్లర్. వాటి మీద 10 సెంటీమీటర్ల వెడల్పు, 25 ఎంఎం మందం ఉన్న తాండూరు బండ పట్టీలు. పాలిషింగ్ యార్డులో కోసి ఇస్తారు, ధర పెద్దగా ఉండదు. కూలీ, రవాణా మాత్రం రాయి ఖరీదు కన్నా ఎక్కువైంది.

పిల్లర్ల చుట్టూ అడుగు వెడల్పున మొక్కలు, పీచు, ఆకులు ఏవీ లేకుండా తీసేసి గ్రానైట్ చిప్స్ పరిచాం. ఆస్ట్రేలియాలో సరిగ్గా కొలిచి జల్లెడ పట్టిన గ్రానైట్ రవ్వని ఇళ్ల చుట్టూ చెదకి అడ్డుగా వాడతారు. రవ్వ చెద నోటితో లాగలేనంత పెద్దది, సందు అది దూరలేనంత చిన్నది, ఇదీ దాని సూత్రం. మన క్రషర్ చిప్స్‌లో ఆ కొలత ఉండదు కాబట్టి నేను దాన్ని అడ్డుగా లెక్కపెట్టలేదు. చిప్స్ వేసింది రంగు కోసం. ఇక్కడి నేల ఎర్ర మొరం. చెద గొట్టం ఎర్రగా ఉంటుంది. బూడిదరంగు పిల్లర్ మీద, బూడిదరంగు చిప్స్ మీద ఎర్ర గీత పడితే కుర్చీలో కూర్చున్నా కనిపిస్తుంది.

లెవెల్ కోసం మేస్త్రీ నీళ్ల ట్యూబు వాడాడు. నా దగ్గర లేజర్ ఉంది కానీ ఎండలో దాని గీత కనపడదు, ట్యూబు ఎప్పుడూ మోసం చేయదు. ఎక్కడా మీటరుకి 2 సెంటీమీటర్లకి మించి ఎత్తు పెరగకుండా చూసుకున్నాం. పాత లైన్‌లో 60 సెంటీమీటర్ల రేడియస్ వంపులు ఉండేవి, అది ఎల్‌జీబీలో అన్నిటికన్నా బిగువు వంపు. జాగా ఉన్న చోట దాన్ని రెట్టింపు చేశాం. వంపుల దగ్గర బయటి పట్టా కొంచెం ఎత్తుగా ఉండాలని, క్యాంట్ లేకపోతే అది లైనే కాదని సార్ పట్టుబట్టారు. ఈ వేగానికి అవసరం లేదని చెప్పి చూశాను. ఆయన కింద వాషర్లు పెట్టి క్యాంట్ ఇచ్చుకున్నారు. చూడటానికి బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

పట్టాలు బిగించే విషయంలో మాత్రం ఆయన మాటే చట్టం. ఇత్తడి వేడికి బాగా సాగుతుంది, మీటరుకి డిగ్రీకి 0.019 మిల్లీమీటర్లు. చలికాలం తెల్లవారుజాము నుంచి మే మధ్యాహ్నం దాకా పట్టా వేడిలో 50 డిగ్రీల తేడా వస్తుందనుకుంటే 20 మీటర్లకి 19 మిల్లీమీటర్లు. దీన్ని బిగించి పట్టుకోవాలని చూస్తే పట్టా ఎక్కడో ఒకచోట వంకర పోతుంది. అందుకని పాయింట్ల దగ్గర, అంటే లైన్ రెండుగా చీలే చోట, మాత్రం గట్టిగా బిగించి, మిగతా అంతా వదులుగా కూర్చోబెట్టాం. వంపుల్లో పక్కకి జరగడానికి అటూ ఇటూ కొద్దిగా సందు వదిలాం.

పాత పట్టాలు ఒక్కటీ పారేయలేదు. వాటి స్లీపర్లు ప్లాస్టిక్‌వి, చెద ముట్టుకోలేదు. కాకపోతే కీళ్లలో మట్టి కూరుకుపోయి కరెంటు అందడం లేదు. మేడమ్ చింతపండు గుజ్జు తెచ్చి ఇచ్చారు, పూజ సామాను తోముకున్నట్టే తోమమని. ఇత్తడి మెరిసింది. పులుపు మిగిలితే మళ్లీ నల్లబడుతుంది కాబట్టి మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి. మోడల్ షాపుల్లో అమ్మే ద్రవాల కన్నా ఇదే నయం అనిపించింది.

చెక్క వంతెన

ఇక్కడ వాదన జరిగింది. అల్యూమినియం యాంగిల్‌తో గర్డర్ వంతెన చేద్దామన్నాను. సార్‌కి పాతదానిలాగే చెక్క కాళ్ల వంతెన కావాలి. చెక్క పెట్టాల్సి వస్తే దాన్ని పెట్టే పద్ధతి వేరే ఉంటుందని చెప్పి ఒప్పుకున్నాను.

కూల్చిన ఇళ్ల కలప అమ్మే డిపోలో పాత టేకు కిటికీ చట్రాలు తెచ్చాం. టేకుకి చెద పట్టదు అనేది సగం నిజం. చేవలో, అంటే చెక్క నడిమి గట్టి భాగంలో, టెక్టోక్వినోన్ లాంటి పదార్థాలుండటం వల్ల చెద దాన్ని తప్పించుకుంటుంది. చేవ చుట్టూ ఉండే తెల్ల భాగానికి ఆ రక్షణ లేదు. వడ్రంగి ప్రతి ముక్కలోంచీ తెల్లదంతా కోసి పారేశాడు. వృథా అని సణిగాడు, కోశాడు. కాళ్లు నేలని తాకవు. కింద సిమెంటు దిమ్మ, దాని మీద స్టెయిన్‌లెస్ స్టీలు బూటు, చెక్క చివరకీ దిమ్మకీ మధ్య వేలు దూరేంత ఖాళీ. రంగు, పాలిష్ ఏమీ వేయలేదు. పాలిష్ ముదురు ఎరుపులో ఉంటే మట్టి గొట్టం అందులో కలిసిపోతుంది.

స్టేషన్ నేను మామూలుగా చేసే పనే కాబట్టి త్వరగా అయిపోయింది. పాతది ఎండీఎఫ్, అంటే చెక్కపీచు నొక్కి చేసిన షీటు. అది చెదకన్నా ముందే వానకి ఉబ్బింది. కొత్తది 5 ఎంఎం పీవీసీ ఫోమ్ షీటుతో చేశాను. కిటికీలు అక్రిలిక్, అతకడానికి క్లోరోఫారం. ముదురు రంగులు వేస్తే ఎండకి షీటు వంగుతుంది, అందుకని గోడలు లేత పసుపు. కింద నాలుగు బోల్టుల మీద లేపి పెట్టాను. పైకప్పు ఊడి వస్తుంది, లోపల చూడొచ్చు. ముఖ్యమైన మార్పు చోటు. ఇంతకుముందు స్టేషన్ వెనక గోడ కాంపౌండ్ గోడకి ఆనుకుని ఉండేది. చెద నేల నుంచి రాలేదు, ఆ గోడ మీది తీగ చాటున పైకెక్కి వెనకనుంచి దూరింది. ఇప్పుడు గోడకీ స్టేషన్‌కీ మధ్య చెయ్యి పట్టేంత దూరం ఉంది.

వైర్లది వింత కథ. పాత వైర్లు భూమిలో పీవీసీ కాండ్యూట్‌లో వెళ్లేవి. కోసి చూస్తే లోపల వైరు చుట్టూ నిండా మట్టి. చెదకి అంతకన్నా సురక్షితమైన రోడ్డు ఎక్కడుంటుంది? చీకటి, తేమ, పైగా నేరుగా కంట్రోల్ పెట్టె లోపలికి. సిమెంటు గచ్చు మీదున్న కంట్రోల్ పెట్టెలోకి చెద ఎలా వచ్చిందో అప్పటిదాకా నాకు అంతుపట్టలేదు. కొత్త వైర్లు బండ పట్టీల అడుగున క్లిప్పులతో బయటే వెళ్తాయి. తప్పనిసరిగా భూమిలోంచి పోవాల్సిన చోట గొట్టం రెండు చివర్లూ సన్నటి స్టీలు జాలీ కూరి సిలికాన్‌తో మూశాం. పాత ఇళ్లలో స్విచ్ బోర్డులోంచి మట్టి రాలుతోందంటే, ఎలక్ట్రీషియన్ కన్నా ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

వానలు పడ్డాక

పిల్లర్లకి నంబర్లు వేశాం. సార్ ఒక నోటుబుక్కులో తేదీ, పిల్లర్ నంబరు, చూసింది రాస్తారు. వానాకాలంలో రోజూ, మిగతా రోజుల్లో వారానికోసారి.

జూన్ వానల తర్వాత మల్లెపొద వైపు రెండు పిల్లర్ల మీద ఎర్ర గీతలు ఎక్కాయి. సార్ ఫోటో పంపి ఫోన్ చేశారు, గొంతులో టెన్షన్ లేదు. పుట్టీ బ్లేడుతో గీకేయమన్నాను, మర్నాడు మళ్లీ చూడమన్నాను. ఒకదాని మీద మళ్లీ కట్టలేదు. రెండోదాని మీద తెల్లారేసరికి సగం కట్టేసింది. అలా మళ్లీ మళ్లీ కడుతోందంటే ఆ దారిలో దగ్గర్లోనే తిండి ఉందని అర్థం. వెతికితే చిప్స్ అంచున, చిక్కుడు పాదుకి తోటమాలి పాతిన వెదురు కర్ర. కింద భాగం అప్పటికే డొల్ల. దాన్ని పీకేసి, పాదుని ఇనుప చువ్వకి మార్పించాక ఆ పిల్లర్ మీద గీత మళ్లీ రాలేదు. బండ మీద ఉన్న లైన్‌కి, వంతెనకి ఏమీ కాలేదు. మందు వాడలేదు.

ఇంకా మిగిలింది యార్డ్ వైపు. అక్కడ గూడ్స్ షెడ్డు కింద పాత చెక్క ప్లాట్‌ఫారం ఒకటి అలాగే ఉంది. గచ్చు మీద ఉండటం వల్ల దానికి ఇప్పటిదాకా చెద పట్టలేదు. వచ్చే వేసవిలో దాన్ని కూడా బండకి మార్చాలని నా అభిప్రాయం, ఎందుకంటే గచ్చుకి ఒక మూల పగులు మొదలైంది. బాగున్నదాన్ని ఎందుకు ముట్టుకోవాలన్నది సార్ అభిప్రాయం. ఆ పగులు పక్కన కూడా ఒక నంబరు రాసి నోటుబుక్కులోకి ఎక్కించుకున్నారు, అంతవరకు ఒప్పుకున్నారు.